ఫ్యాట్32 నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు: విండోస్‌ను మళ్లీ ఎక్కించకుండా, డ్రైవ్‌ను ఫార్మాట్ చేయకుండా ఫైల్ సిస్టమ్ మార్చే పద్ధతి

పెళ్లి వీడియో ఫైలు ఆరు జీబీ ఉంటుంది. డీ డ్రైవ్‌లో తొంభై జీబీ ఖాళీగా ఉంటుంది. అయినా కాపీ చేయబోతే, ఈ ఫైలు అక్కడి ఫైల్ సిస్టమ్‌కు మరీ పెద్దదని చెప్పి విండోస్ ఆపేస్తుంది. డిస్క్ పాడైపోతున్నదేమోనని భయపడి చాలామంది కంప్యూటర్‌ను బాగుచేసేవారి దగ్గరకు మోసుకెళ్తారు. అక్కడ అంతా ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ ఎక్కించాలనే మాట వినిపిస్తుంది. నిజానికి ఆ డిస్క్‌కు ఏ జబ్బూ లేదు. ఆ డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లో, అంటే డిస్క్ మీద ఏ ఫైలు ఎక్కడుందో లెక్క రాసుకునే ఒక పద్ధతిలో, ఉంది. అందులో ప్రతి ఫైలు పరిమాణాన్నీ 32 బిట్లలో రాసుకుంటారు కాబట్టి ఏ ఫైలూ 4,29,49,67,295 బైట్లను, అంటే నాలుగు జీబీకి ఒక్క బైటు తక్కువను, దాటడానికి వీల్లేదు. అదే డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్‌లోకి మారిస్తే ఈ హద్దు తొలగిపోతుంది. అందుకు విండోస్‌ను తీసేయనక్కరలేదు, డ్రైవ్‌ను ఫార్మాట్ చేయనక్కరలేదు, వేరే సాఫ్ట్‌వేర్ కొననక్కరలేదు. కన్వర్ట్ అనే ఆదేశం విండోస్‌తోపాటే వస్తుంది.

ఆ ఆదేశం ఒక్క వరుస. అసలు పని అంతా దానికి ముందు ఉంటుంది, కొంత దాని తరువాత ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఆదేశం సగం దాటాక గానీ రాదు. చదివేవారు తొందరపడి నేరుగా అక్కడికి వెళ్లవద్దని నా మనవి.

ఫ్యాట్32 ఇంకా ఎక్కడ మిగిలి ఉంది?

ఎన్‌టీఎఫ్‌ఎస్ 1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో వచ్చింది, ఫ్యాట్32 దాని తరువాత, 1996లో, విండోస్ 95 మలి విడతతో వచ్చింది. కొత్తగా వచ్చిందే పాత పద్ధతిలో ఉండటానికి కారణం, అప్పటి ఇంటి కంప్యూటర్లు డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆధారపడి ఉండటమే. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చాక ఇళ్లలోకీ ఎన్‌టీఎఫ్‌ఎస్ ప్రవేశించింది. విస్టా నుంచి విండోస్ ఉండే డ్రైవ్ తప్పనిసరిగా ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనే ఉండాలి. అందువల్ల ఇవాళ విండోస్ 10 లేదా 11 వాడేవారి సీ డ్రైవ్ గురించి ఆలోచించవలసిన పనే లేదు. ఫ్యాట్32 మిగిలి ఉండేది పాత కంప్యూటర్ నుంచి తెచ్చి బిగించిన డిస్క్‌లోని డీ, ఈ డ్రైవ్‌లలోనూ, బయట తగిలించే హార్డ్ డిస్క్‌లలోనూ, పెన్‌డ్రైవ్‌లలోనూ. వీటికి తోడు మన ఊళ్లలోని డీటీపీ సెంటర్లలో, ప్రింటింగ్ ప్రెస్‌లలో పేజ్‌మేకర్ కోసం, అను ఫాంట్ల కోసం ఇప్పటికీ అట్టే పెట్టుకున్న ఎక్స్‌పీ యంత్రాలు ఉన్నాయి. వాటిలో విండోస్‌ను మళ్లీ ఎక్కించాలంటే ఎప్పటివో సీడీలు వెతకాలి, ఫాంట్లన్నీ తిరిగి చేర్చాలి, కీబోర్డు అమరిక మళ్లీ సరిచేయాలి. ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి ఫైల్ సిస్టమ్ మాత్రం మార్చుకోవడం వారికి ఎంతో మేలు.

మీ డ్రైవ్ ఏ ఫైల్ సిస్టమ్‌లో ఉందో తెలుసుకోవడానికి దిస్ పీసీలో ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. ఫైల్ సిస్టమ్ అని ఉన్నచోట ఫ్యాట్32 లేదా ఫ్యాట్ అని కనిపిస్తే ఈ పద్ధతి మీకు వర్తిస్తుంది. ఎక్స్‌ఫ్యాట్ అని ఉంటే కన్వర్ట్ పనికిరాదు. దాని సంగతి చివరలో చెప్తాను.

మార్చకూడని డ్రైవ్‌లు

కన్వర్ట్ దారి ఒకవైపే సాగుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి వెళ్లిన డ్రైవ్‌ను అదే ఆదేశంతో ఫ్యాట్32కు వెనక్కి తేలేము. విండోస్‌తో వచ్చే సాధనాలతో వెనక్కి రావాలంటే ఫార్మాట్ ఒక్కటే మార్గం. అందుచేత ఈ డ్రైవ్‌ను రేపు ఎక్కడెక్కడ తగిలిస్తామో ముందే ఆలోచించుకోవాలి. కారులోని మ్యూజిక్ ప్లేయర్లలో చాలావరకు ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌నే చదువుతాయి, పాత టీవీలూ అంతే. మ్యాక్ కంప్యూటర్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌ను చదువుతుంది గానీ, అదనపు సాఫ్ట్‌వేర్ లేకుండా దానిమీద రాయదు. లైనక్స్‌కు ఇబ్బంది లేదు. 2021లో వచ్చిన 5.15 కెర్నల్ (లైనక్స్ కేంద్ర భాగం) నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో చదవడం, రాయడం రెండూ కెర్నల్‌లోనే ఉన్నాయి. కెమెరాలో పెట్టే మెమరీ కార్డును మాత్రం ఎప్పుడూ మార్చవద్దు. దాన్ని కెమెరాయే తనకు కావలసిన తీరులో ఫార్మాట్ చేసుకుంటుంది.

డిస్క్‌లోని విభాగాలను చూపే డిస్క్ మేనేజ్‌మెంట్ అనే విండోస్ సాధనం తెరిచి చూసినప్పుడు, డ్రైవ్ అక్షరం ఏదీ లేకుండా వంద ఎంబీ అటూ ఇటూగా ఒక చిన్న ఈఎఫ్ఐ విభాగం కనిపిస్తుంది. అది ఫ్యాట్32లోనే ఉంటుంది, ఉండాలి కూడా. కంప్యూటర్ ఆన్ అయినప్పుడు మదర్‌బోర్డు మొదట చదివేది దాన్నే. అన్నిటినీ ఒకేలా ఉంచుదామనే ఉత్సాహంతో దాని జోలికి పోతే విండోస్ లేవదు.

మార్చడం వల్ల వచ్చే లాభం నాలుగు జీబీ హద్దు పోవడం ఒక్కటే కాదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ తాను చేయబోయే మార్పులను ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా, తిరిగి ఆన్ చేసినప్పుడు ఆ చిట్టా చూసి ఫోల్డర్ల నిర్మాణాన్ని సరిచేసుకుంటుంది. రాస్తూ రాస్తూ ఆగిపోయిన ఫైలు లోపలి విషయానికి ఈ హామీ వర్తించదు, అయినా డ్రైవ్ మొత్తం గందరగోళం కాకుండా నిలుస్తుంది. ఫ్యాట్32కు ఈ చిట్టా లేదు. వేసవిలో రోజుకు రెండుసార్లు కరెంటు పోయే ఊళ్లో పనిచేసే యంత్రానికి నా దృష్టిలో ఇదే పెద్ద లాభం.

లోపల జరిగేది

ఊరి పొలాల లెక్క అడంగల్‌లో ఉంటుంది; తెలంగాణలో దాన్నే పహాణీ అంటారు. ఏ సర్వే నంబరు ఎవరిది, ఎంత విస్తీర్ణం అన్నది అందులో చూడాలి. పాత అడంగల్ తీసేసి కొత్త నమూనాలో మరొకటి రాసినంతమాత్రాన పొలాలు కదలవు, గట్లు జరగవు. కన్వర్ట్ చేసే పని సరిగ్గా ఇదే. మీ ఫోటోలు, పేజీలు, లెక్కల ఫైళ్లు డిస్క్ మీద ఉన్నచోటనే ఉంటాయి. ఏ ఫైలు ఏ గడుల్లో ఉందో చెప్పే పట్టిక మాత్రం కొత్త పద్ధతిలో తయారవుతుంది. ఆ కొత్త పట్టికను డ్రైవ్‌లోని ఖాళీ జాగాలో రాస్తారు; అంతా సిద్ధమయ్యాక, డ్రైవ్ మొదట్లోని బూట్ సెక్టర్‌ను మార్చి, ఇకనుంచి ఈ పట్టికే చెల్లుతుందని నిర్ణయిస్తారు. డ్రైవ్ అక్షరం మారదు, ఫోల్డర్ల దారులు మారవు. అందుకే డీ డ్రైవ్‌లో ఎక్కించుకున్న ప్రోగ్రాములు కూడా మళ్లీ ఎక్కించకుండానే పనిచేస్తాయి.

ఈ పనితీరు అర్థమైతే జాగ్రత్తలన్నిటికీ కారణం వాటంతట అవే తెలుస్తాయి. కొత్త పట్టిక రాయడానికి చోటు కావాలి కాబట్టి డ్రైవ్ అంచుల దాకా నిండి ఉండకూడదు. పాత అడంగల్‌లో ఒకే సర్వే నంబరు ఇద్దరి పేర్ల మీద ఉంటే ఆ తగాదా కొత్త దానిలోకీ వస్తుంది కాబట్టి ముందే పాత పట్టికను తనిఖీ చేయించాలి. రాత జరుగుతుండగా మరొకరు పొలాలు అమ్ముతూ కొంటూ ఉంటే లెక్క కుదరదు కాబట్టి ఆ సమయంలో డ్రైవ్‌ను మరే ప్రోగ్రామూ వాడకూడదు.

మొదటి మెట్టు: బ్యాకప్

మార్పిడిలో డేటా పోయే అవకాశం చాలా తక్కువేనని మైక్రోసాఫ్ట్ చెప్తూనే, ముందు బ్యాకప్ తీసుకోమని కూడా చెప్తుంది. ఆ రెండో మాటను నేను షరతుగా తీసుకుంటాను: బ్యాకప్ లేని డ్రైవ్ మీద ఈ పని చేయకూడదు. అదే డిస్క్‌లోని మరో విభాగంలోకి కాపీ చేసుకోవడం బ్యాకప్ కిందికి రాదు. డిస్క్ మోటారు ఆగిపోతే రెండూ కలిసే పోతాయి. వేరే హార్డ్ డిస్క్ కావాలి. మీ ఫైళ్లన్నీ నాలుగు జీబీ లోపువే కాబట్టి ఆ రెండో డిస్క్ ఫ్యాట్32లో ఉన్నా ఫరవాలేదు.

కాపీ పూర్తయ్యాక సరిచూసుకునే పద్ధతి ఇది. డీ డ్రైవ్ తెరిచి, అన్నిటినీ ఎంపిక చేసి, రైట్ క్లిక్‌తో ప్రాపర్టీస్ చూడండి. ఫైళ్లు ఎన్ని, ఫోల్డర్లు ఎన్ని, మొత్తం సైజు ఎన్ని బైట్లు అన్న మూడు అంకెలూ అక్కడ వస్తాయి. వాటిని ఒక కాగితం మీద రాసుకుని, బ్యాకప్ డిస్క్‌లోని ఫోల్డర్‌కూ అదే పని చేసి పోల్చండి. పోల్చవలసింది సైజు అనే వరుసను. దాని కిందనే ఉండే సైజ్ ఆన్ డిస్క్ అనే వరుసను కాదు. ఒక్కో ఫైల్ సిస్టమ్ ఒక్కో పరిమాణపు గడులు వాడుతుంది కాబట్టి ఆ రెండో అంకె డ్రైవ్‌కూ డ్రైవ్‌కూ తేడాగా వస్తుంది, దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు. తరువాత బ్యాకప్‌లోంచే నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి: ఒక ఫోటో, ఒక వీడియో, ఒక పేజ్‌మేకర్ ఫైలు, ఒక ఎక్సెల్. ఆ కాగితాన్ని పారేయవద్దు, పని ముగిశాక మళ్లీ కావాలి.

కాపీ చేస్తుండగా ఏదైనా ఫైలు దగ్గర డిస్క్ కరకరమని శబ్దం చేస్తూ ఆగిపోతే, అది వేరే సమస్య. ఆ డిస్క్‌లో చదవలేని చోట్లు ఏర్పడ్డాయి. అందినంత డేటాను బయటకు తీసి, డిస్క్‌నే మార్చాలి. అలాంటి డిస్క్ మీద ఫైల్ సిస్టమ్ మార్పిడికి దిగకూడదు.

రెండో మెట్టు: డ్రైవ్ పేరు

కన్వర్ట్ ఆదేశం ఇచ్చిన వెంటనే అది ఆ డ్రైవ్ ప్రస్తుత వాల్యూమ్ లేబుల్ ఏమిటని అడుగుతుంది. మనం పొరపాటున మరో డ్రైవ్ అక్షరం టైపు చేస్తే అక్కడే ఆగడానికి పెట్టిన కాపలా అది. సరైన పేరు చెప్పకపోతే ముందుకు కదలదు.

నేను మొదటిసారి ఇక్కడే చిక్కుకున్నాను. ఒక మిత్రుడి కంప్యూటర్‌లో ఆ డ్రైవ్ లోకల్ డిస్క్ అనే పేరుతో కనిపించింది. అడిగినప్పుడు అదే టైపు చేశాను, పేరు తప్పన్నది. అక్షరాలు సరిచూసుకుని మళ్లీ టైపు చేసినా అదే జవాబు. ఆ డ్రైవ్‌కు అసలు పేరే లేదని, పేరు లేని డ్రైవ్‌లకు విండోస్ తానే లోకల్ డిస్క్ అని చూపిస్తుందని అప్పుడు తెలిసింది. అసలు పేరు తెలుసుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో (దాన్ని తెరిచే తీరు మూడో మెట్టులో ఉంది) వాల్ అనే ఆదేశం ఉంది: వీ, ఓ, ఎల్, ఒక ఖాళీ, డ్రైవ్ అక్షరం, కోలన్. పేరు ఉంటే చూపిస్తుంది, లేకపోతే లేదని చెప్తుంది.

నా సలహా ఏమిటంటే, ముందే డ్రైవ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి పై గడిలో తేలికైన పేరు ఒకటి పెట్టేయండి. నాలుగైదు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో ఖాళీలు లేకుండా. డేటా అనే మాట చాలు.

మూడో మెట్టు: చెక్‌డిస్క్

ఈ వ్యాసమంతా తెలుగు లిపిలో ఉంది కనుక ఆదేశాలను పలికే తీరులో రాస్తున్నాను. వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి. స్టార్ట్ మెనూలో సీ, ఎం, డీ అనే మూడు అక్షరాలు కొట్టి, వచ్చిన కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. నల్లటి కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఇలా టైపు చేయాలి:

చెక్‌డిస్క్ డి: /ఎఫ్

చెక్‌డిస్క్‌ను సీ, హెచ్, కే, డీ, ఎస్, కే అనే ఆరు అక్షరాలతో రాస్తారు. తరువాత ఖాళీ, డీ, కోలన్, ఖాళీ, ముందుకు వాలిన గీత, ఎఫ్. ఆ గీత కీబోర్డు మీద ప్రశ్నార్థకం ఉన్న మీటలోనే ఉంటుంది. వెనక్కి వాలిన గీత వేస్తే పనిచేయదు. డ్రైవ్‌ను మరెవరైనా వాడుతుంటే, బలవంతంగా విడదీయమంటారా అని అడుగుతుంది. తెరిచి ఉన్న ఫైళ్లన్నీ మూసేసి అప్పుడు వై నొక్కండి.

తప్పులేమీ లేవని వస్తే సరే. తప్పులు దొరికితే సరిచేస్తుంది; ఎవరికీ చెందకుండా మిగిలిపోయిన ముక్కలను ఫైళ్లుగా మార్చమంటారా అని కూడా అడగవచ్చు. మార్చమంటే అవి డ్రైవ్‌లో ఫౌండ్.000 అనే దాగి ఉన్న ఫోల్డర్‌లోకి చేరతాయి. ఏళ్ల తరబడి కరెంటు కోతల్లో పనిచేసిన ఫ్యాట్32 డ్రైవ్‌లో ఇలాంటి అనాథ ముక్కలు పదులకొద్దీ ఉండటం మామూలే. ఒకసారి సరిచేశాక అదే ఆదేశం రెండోసారి ఇచ్చి, ఏ తప్పూ లేదని వచ్చేదాకా తరువాతి మెట్టు ఎక్కకండి.

బ్యాకప్ కంటే ముందు చెక్‌డిస్క్ ఎందుకు చేయకూడదో కూడా చెప్పాలి. సరిచేయడమంటే డిస్క్ మీద రాయడమే. దెబ్బతిన్న పట్టికను అది తనకు తోచిన తీరులో సరిదిద్దుతుంది. అందులో ఒక ఫైలు సగానికి తెగిపోవచ్చు. ఉన్నది ఉన్నట్టుగా ముందు బయటకు కాపీ అయి ఉంటే ఆ భయం లేదు.

నాలుగో మెట్టు: మార్పిడి

మొదలుపెట్టే ముందు కరెంటు సంగతి చూసుకోండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తగిలించి, బ్యాటరీ నిండుగా ఉంచాలి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేదా ఇన్వర్టర్ ఉండాలి. రెండూ లేకపోతే కోత వేళలు తెలుసుకుని మొదలుపెట్టాలి. బయట తగిలించే డిస్క్ అయితే వదులుగా ఉండే ముందువైపు యూఎస్‌బీ సాకెట్ మానేసి మదర్‌బోర్డుకు నేరుగా ఉన్న వెనకవైపు దానిలో పెట్టండి, పని అయ్యేదాకా తీగను కదపవద్దు. కంప్యూటర్ నిద్రలోకి జారకుండా పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను నెవర్‌గా మార్చండి. డ్రైవ్‌కు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే పూర్తిగా తీసేయాలి. డీ డ్రైవ్‌లోని ఫోల్డర్ ఏదీ తెరిచి ఉండకూడదు. డౌన్‌లోడ్‌లు, యాంటీవైరస్ స్కాన్ ఆపేయాలి.

ఇప్పుడు అదే నల్లటి కిటికీలో:

కన్వర్ట్ డి: /ఎఫ్‌ఎస్:ఎన్‌టీఎఫ్‌ఎస్

మొదట సీ, ఓ, ఎన్, వీ, ఈ, ఆర్, టీ. ఒక ఖాళీ. డ్రైవ్ అక్షరం, దానికి ఆనుకునే కోలన్. ఒక ఖాళీ. ఆ తరువాత ముందుకు వాలిన గీత, ఎఫ్, ఎస్, కోలన్, ఎన్, టీ, ఎఫ్, ఎస్. వీటి మధ్య ఎక్కడా ఖాళీ ఉండకూడదు. ఎంటర్ నొక్కితే, ఫైల్ సిస్టమ్ ఫ్యాట్32 అని మొదటి వరుస వస్తుంది. లేబుల్ అడిగితే పెట్టుకున్న పేరు టైపు చేయండి. పేరు లేని డ్రైవ్ అయితే ఏమీ టైపు చేయకుండా ఎంటర్ నొక్కండి.

తరువాత తెర మీద జరిగేది శ్రద్ధగా చూడదగినది. ముందుగా ఫైళ్లను, ఫోల్డర్లను తానే మరోసారి తనిఖీ చేస్తుంది. తరువాత మూడు అంకెలు చూపిస్తుంది: డ్రైవ్ మొత్తం పరిమాణం, ఉన్న ఖాళీ, మార్పిడికి కావలసిన ఖాళీ. మూడోది రెండోదాని కంటే ఎక్కువైతే అక్కడే ఆగిపోతుంది, డ్రైవ్ మునుపటిలాగే ఉంటుంది. కొన్ని ఫైళ్లను తీసి మళ్లీ ప్రయత్నించవచ్చు. చోటు సరిపోతే ఫైల్ సిస్టమ్ మార్చుతున్నామనే వరుస వచ్చి, చివరకు మార్పిడి పూర్తయిందని ముగుస్తుంది. ఎంతసేపు పడుతుందన్నది ఫైళ్ల సంఖ్యను బట్టి ఉంటుంది. పెద్ద వీడియోలు ఇరవై ఉన్న డ్రైవ్ త్వరగా అయిపోతుంది. అంతే పరిమాణంలో లక్ష చిన్న ఫైళ్లున్న డ్రైవ్ చాలాసేపు తీసుకుంటుంది. మధ్యలో వరుస కదలకుండా నిలిచినట్టు కనిపించినా కిటికీ మూయవద్దు, స్విచ్ కట్టేయవద్దు. డిస్క్ దీపం మిణుకుమంటూ ఉందంటే పని జరుగుతున్నట్టే.

రెండు అదనపు గుర్తులు ఉపయోగపడతాయి. చివర ఖాళీ వదిలి గీత, ఎక్స్ చేరిస్తే డ్రైవ్‌ను వాడుతున్న ప్రోగ్రాములను బలవంతంగా విడదీస్తుంది. వాటిలో దాచుకోని పని పోతుంది కాబట్టి ఇది ఆఖరి ఉపాయం. గీత వేసి నో, సెక్యూరిటీ అనే రెండు మాటలను కలిపి రాస్తే, మారిన ఫైళ్లన్నీ అందరికీ తెరుచుకునేలా ఉంటాయి. ఇంట్లో, షాపులో నాలుగైదు కంప్యూటర్ల మధ్య తిరిగే డిస్క్‌కు ఇది చేరిస్తే, మరో కంప్యూటర్‌లో తగిలించినప్పుడు అనుమతి లేదనే సందేశం వచ్చే బెడద తగ్గుతుంది. ఒకరి సొంత పత్రాలున్న డ్రైవ్‌కు మాత్రం వాడవద్దు.

ఎక్స్‌పీ యంత్రంలో సీ డ్రైవ్

విండోస్ ఉన్న డ్రైవ్‌నే మార్చవలసి వచ్చేది పాత ఎక్స్‌పీ యంత్రాల్లో. ఆదేశం అదే, అక్షరం మాత్రం సీ. విండోస్ తాను నిలబడిన నేలను తానే తవ్వలేదు కాబట్టి, ఈ డ్రైవ్ మీద పూర్తి అధికారం దొరకలేదని, తరువాత కంప్యూటర్ మళ్లీ ఆన్ అయినప్పుడు మార్చమంటారా అని అడుగుతుంది. వై నొక్కి రీస్టార్ట్ చేస్తే, డెస్క్‌టాప్ రాకముందే అక్షరాలు మాత్రమే ఉన్న తెర మీద పని జరుగుతుంది. అది ముగిశాక కంప్యూటర్ తనంత తానే ఇంకోసారి రీస్టార్ట్ కావచ్చు; అదేదో చెడిపోయిందనుకుని ఆపకూడదు.

ఇక్కడ ఫైళ్ల బ్యాకప్ ఒక్కటే చాలదు. విండోస్, పేజ్‌మేకర్, ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు అన్నీ కలిసిన స్థితికే నకలు కావాలి. క్లోన్‌జిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను సీడీ నుంచో పెన్‌డ్రైవ్ నుంచో ప్రారంభించి, మొత్తం డిస్క్‌ను మరో డిస్క్ మీదికి యథాతథంగా నకలు తీసుకోండి. ఏదైనా తేడా వస్తే ఆ రెండో డిస్క్ బిగించి పావుగంటలో మళ్లీ పని మొదలుపెట్టవచ్చు. అదే కంప్యూటర్‌లో విండోస్ 98 కూడా ఉంటే, దానికి ఎన్‌టీఎఫ్‌ఎస్ చదవడం రాదు. మార్చిన డ్రైవ్ దానికి కనిపించదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది కాబట్టి ఈ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచడం మంచిదని కూడా చెప్పి ముందుకు వెళ్తాను.

మారిన తరువాత

ప్రాపర్టీస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ అని వచ్చిందో లేదో చూడండి. మీ కాగితం తీసి ఫైళ్ల సంఖ్యను, ఫోల్డర్ల సంఖ్యను, బైట్లను పోల్చండి. చెక్‌డిస్క్ సరిచేసిన ఫైళ్లు ఉంటే ఆ మేరకు తేడా రావచ్చు; అంతకు మించి తేడా ఉంటే కారణం దొరికేవరకు బ్యాకప్‌ను తాకవద్దు. అడ్మినిస్ట్రేటర్ కిటికీలోనే చెక్‌డిస్క్ మరోసారి నడపండి.

నాలుగు జీబీ హద్దు నిజంగా పోయిందా అని పరీక్షించడానికి పెద్ద ఫైలు వెతుక్కోనక్కరలేదు. ఎఫ్‌ఎస్‌యుటిల్ అనే ఆదేశంతో ఉత్తి ఫైలు ఒకటి సృష్టించవచ్చు:

ఎఫ్‌ఎస్‌యుటిల్ ఫైల్ క్రియేట్‌న్యూ డి:\టెస్ట్ 5368709120

చివరి అంకె ఐదు జీబీకి సమానమైన బైట్లు. ఇక్కడ డ్రైవ్ అక్షరం, కోలన్ తరువాత వచ్చేది వెనక్కి వాలిన గీత. ఫైలు ఏర్పడితే పని నెరవేరినట్టే. వెంటనే దాన్ని తొలగించండి.

ఇంకొకటి చూడాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఎఫ్‌ఎస్‌యుటిల్, ఎఫ్‌ఎస్‌ఇన్ఫో, ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఇన్ఫో అనే మూడు మాటలను ఖాళీలతో వరుసగా టైపు చేసి, చివర డ్రైవ్ అక్షరం ఇస్తే వచ్చే జాబితాలో బైట్స్ పర్ క్లస్టర్ అనే వరుస ఉంటుంది. ఫైళ్లను డిస్క్ మీద ఎంతెంత గడుల్లో పెడుతున్నారో అది చెప్తుంది. 4096 ఉంటే మామూలే. 512 ఉంటే మాత్రం, ఆ డ్రైవ్‌ను మొదట్లో ఎప్పుడో పాత పద్ధతిలో ఫార్మాట్ చేసినందువల్ల గడుల హద్దులు కుదరక, కన్వర్ట్ అతి చిన్న గడులను ఎంచుకుందని అర్థం. డేటా భద్రంగానే ఉంటుంది, కానీ పెద్ద ఫైళ్లు ఎక్కువ ముక్కలుగా చెదిరి డ్రైవ్ నిదానించవచ్చు. మీ దగ్గర సరిచూసిన బ్యాకప్ ఉంది కాబట్టి, అది డేటా డ్రైవ్ అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసి, క్లస్టర్ పరిమాణాన్ని డిఫాల్ట్‌గా వదిలి, తిరిగి కాపీ చేసుకోవడమే మేలు. హార్డ్ డిస్క్ అయితే చివరగా ఒకసారి డీఫ్రాగ్మెంట్ చేయండి, అంటే చెదిరిన ఫైళ్ల ముక్కలను ఒకచోటికి చేర్చండి. పెన్‌డ్రైవ్‌కూ ఎస్‌ఎస్‌డీకీ ఆ అవసరం లేదు.

బ్యాకప్‌ను కనీసం నెల రోజులు ఉంచండి. నెలాఖరు లెక్కలకో పాత పెళ్లి కార్డు నమూనాకో మాత్రమే తెరిచే ఫైళ్లు కొన్ని ఉంటాయి. వాటిలో లోపం ఉంటే అప్పుడే బయటపడుతుంది.

ఆగిపోతే

రా డ్రైవ్‌లకు కన్వర్ట్ లేదనే సందేశం వస్తే, విండోస్‌కు ఆ డ్రైవ్‌లోని ఫైల్ సిస్టమ్ ఏదో అర్థం కావడం లేదని భావం. అప్పుడు ఫార్మాట్ చేయమని వచ్చే ప్రశ్నకు ఒప్పుకోకండి. ముందు ఫైళ్లను రాబట్టే ప్రయత్నం చేయాలి, మిగతావన్నీ తరువాత. రైట్ ప్రొటెక్టెడ్ అని వస్తే మెమరీ కార్డు అంచున ఉండే చిన్న తాళపు మీటను చూడండి. ఏ మీటా లేని పెన్‌డ్రైవ్ ఆ మాట అంటే దాని ఆయుష్షు దగ్గరపడి ఉండవచ్చు, డేటా తీసేసుకోండి. కరెంటు పోయి పని మధ్యలో ఆగితే, తిరిగి ఆన్ చేసి ముందు ప్రాపర్టీస్ చూడండి. ఇంకా ఫ్యాట్32 అనే ఉంటే పాత పట్టికే చెల్లుతున్నట్టు. చెక్‌డిస్క్ నడిపి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఎక్స్‌ఫ్యాట్ కావాలన్నా, వెనక్కి రావాలన్నా

విండోస్, మ్యాక్, ఫోను, కొత్త టీవీల మధ్య తిరిగే డిస్క్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్ కంటే ఎక్స్‌ఫ్యాట్ అనువైనది. నాలుగు జీబీ హద్దు దానిలోనూ లేదు. మ్యాక్ దానిమీద చదవగలదు, రాయగలదు. లైనక్స్ కెర్నల్‌లో 2019లో వచ్చిన 5.4 నుంచి దానికి చోటుంది. చిట్టా రాసుకునే అలవాటు మాత్రం దానికి లేదు, అందుకే కంప్యూటర్‌లోపల స్థిరంగా ఉండే డ్రైవ్‌కు నేను దాన్ని సూచించను. కన్వర్ట్ ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చలేదు. కాబట్టి దారి ఒకటే: పైన చెప్పినట్టు బ్యాకప్ తీసి, అంకెలు సరిచూసి, డ్రైవ్ మీద రైట్ క్లిక్‌తో ఫార్మాట్ ఎంచుకుని, ఫైల్ సిస్టమ్‌గా ఎక్స్‌ఫ్యాట్ పెట్టి, ఫైళ్లు వెనక్కి కాపీ చేయడం. ఎన్‌టీఎఫ్‌ఎస్ నుంచి ఫ్యాట్32కు రావడానికీ ఇదే దారి, అయితే 32 జీబీ దాటిన డ్రైవ్‌కు విండోస్ ఫార్మాట్ కిటికీలో ఫ్యాట్32 ఎంపిక కనిపించకపోవచ్చు. మధ్యకాలంలో చేరిన నాలుగు జీబీ దాటిన ఫైళ్లు మాత్రం ఆ డ్రైవ్‌లో పట్టవు, వాటికి వేరే చోటు ముందే చూసుకోవాలి. డీ డ్రైవ్‌లో ప్రోగ్రాములు ఎక్కించి ఉంటే, ఫార్మాట్ తరువాత డ్రైవ్ అక్షరం డీగానే ఉండేలా చూసి, ఫోల్డర్ల పేర్లలో ఒక్క అక్షరం తేడా లేకుండా పాత చోట్లలోనే పెట్టండి.